నవలా రచన – తొలి పాఠాలు

పాఠ్య పరిచయం

నవలలు చదవడం చాలామందికి ఇష్టం. వాటిని రాసేవారు ఆ విద్యను ఎలా నేర్చుకుంటారో ఆలోచించేవారు మాత్రం కొద్దిమందే. కోరాపుట్ కొండల్లో ఉద్యోగం చేస్తూ, ఇక్కడి జనజీవితాన్ని నవలలుగా మలచిన ఒక గొప్ప రచయిత ఉదాహరణతో నవలా రచనలోని మెలకువలను ఈ పాఠం వివరిస్తుంది.

పాఠం

కథ వినాలనే కోరిక మనిషికి పుట్టుకతోనే వస్తుంది. పేదరాశి పెద్దమ్మ కథలు వింటూ నిద్రపోని తెలుగు పిల్లలు అరుదు. కథ చెప్పే శక్తి కూడా అందరికీ కొంత ఉంటుంది. సంతనుంచి ఇంటికి వచ్చినవాడు అక్కడ జరిగిన తగవును ఇంట్లోవాళ్ళకు చెబుతాడు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏ సంగతిని చివరిదాకా దాచి ఉంచాలో అతనికి ఎవరూ నేర్పలేదు. వినేవారి ముఖాలు చూస్తూ తానే తెలుసుకుంటాడు. ఇటువంటి సహజశక్తిని చదువుతోను, సాధనతోను పెంచుకున్నవారే రచయితలవుతారు.

కథా ప్రక్రియల్లో నవల విస్తృతమైనది. కథానిక సాధారణంగా జీవితంలోని ఒక ఘట్టాన్ని చూపుతుంది. నవల అనేకమంది మనుషులను, వారి చుట్టూ ఉన్న సంఘాన్ని, కాలగమనంలో వచ్చే మార్పులను చూపుతుంది. ఈ ప్రక్రియ తెలుగులోకి 19వ శతాబ్దంలో వచ్చింది. నరహరి గోపాలకృష్ణమ సెట్టి 1872లో 'శ్రీరంగరాజ చరిత్ర' ప్రకటించారు. కందుకూరి వీరేశలింగం 1878లో తన 'వివేకవర్ధని' పత్రికలో 'రాజశేఖర చరిత్ర'ను ప్రచురించడం మొదలుపెట్టారు. అప్పటికి 'నవల' అనే మాట వాడుకలోకి రాలేదు. వీరేశలింగం తన రచనను 'వచన ప్రబంధం' అన్నారు.

అప్పటికి ఆయన వయస్సు 30 సంవత్సరాలు. ఈ ప్రక్రియకు ఆయన కొత్తవారు. తెలుగులో అనుసరించడానికి తగిన దారి కూడా ఏర్పడలేదు. ఆంగ్ల రచయిత గోల్డ్‌స్మిత్ రాసిన 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' నవల ఛాయను ఆయన గ్రహించారు. అయితే దాన్ని ఉన్నదున్నట్టు తెలుగు చేయలేదు. ఇంగ్లండు పల్లె స్థానంలో గోదావరి ఒడ్డున ఉన్న ధవళేశ్వరం వచ్చింది. ఆంగ్ల మతాచార్యుని స్థానంలో రాజశేఖరుడనే తెలుగు గృహస్థు వచ్చాడు. బంగారం చేసి ఇస్తానని నమ్మించి దోచుకునే బైరాగి, శకునాలు, మూఢ విశ్వాసాలు కథలో చేరాయి. నవల నిర్మాణాన్ని పరాయి పుస్తకంనుంచి నేర్చుకున్న వీరేశలింగం అందులో నింపవలసిన జీవితాన్ని తన ఊరినుంచి తీసుకున్నారు. కొత్తగా రాయబూనేవారికి ఇది మొదటి పాఠం.

ఇక్కడ ఒక సందేహం కలగవచ్చు. ధవళేశ్వరం, రాజమండ్రి వంటివి పేరున్న ఊళ్ళు. కవులు, పత్రికలు, ముద్రణాలయాలు ఉన్న ప్రాంతం అది. మాచ్‌ఖండ్ వంటి చోట నవలకు తగిన విషయం ఏముంటుంది?

మాచ్‌ఖండ్ నది ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల సరిహద్దున ప్రవహిస్తుంది. డుడుమ దగ్గర జలపాతమై దూకుతుంది. దిగువన సీలేరు అనే పేరుతో సాగి, శబరిలో కలిసి, చివరకు గోదావరిని చేరుతుంది. రెండు రాష్ట్రాల ఉమ్మడి పథకంగా నిర్మించిన ఇక్కడి జలవిద్యుత్ కేంద్రంలో 1955లో విద్యుదుత్పత్తి ప్రారంభమైంది. ఆ పనుల కోసం తెలుగువారు, ఒడియావారు ఎందరో వచ్చారు. చుట్టూ ఉన్న కొండల్లో బోండాలు, గదబలు, పరజలు, దిదాయిలు తరతరాలుగా నివసిస్తున్నారు. ఈ ప్రాంతానికి తెలుగువారితో ఉన్న సంబంధం అంతకంటె పాతది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా కోరాపుట్ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోని విశాఖపట్నం ఏజెన్సీలో భాగంగా ఉండేది. ఇన్ని భాషలు, ఇన్ని బతుకులు కలిసే చోట కథలకు కొరత ఉండదు. చూసే కన్ను, వినే చెవి కావాలి.

అటువంటి కన్నూ చెవీ ఉన్నవారు ఒడియా నవలాకారులు గోపీనాథ మహంతి. ఆయన 1914 ఏప్రిల్ 20న కటక్ జిల్లా నాగబలి గ్రామంలో జన్మించారు. ఆంగ్ల సాహిత్యంలో ఎం.ఏ. చదివారు. 1938లో ఒరిస్సా పరిపాలన సర్వీసులో చేరారు. ఉద్యోగరీత్యా కోరాపుట్ ప్రాంతంలో చాలా సంవత్సరాలు పనిచేశారు. ఆయన మొదటి నవల 1940లో వెలువడింది. కొండ ప్రజల జీవితాన్ని చిత్రించిన 'దాదిబుఢా' 1944లోను, 'పరజా' 1945లోను వచ్చాయి. ఆ తరువాత కోంధుల జీవితాన్ని వర్ణించే 'అమృతర సంతాన' వచ్చింది. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తన పురస్కారాలను తొలిసారి ప్రకటించినప్పుడు ఒడియా భాషకు ఎంపికైన గ్రంథం ఇదే. దీన్ని పురిపండా అప్పలస్వామి 'అమృత సంతానం' పేరుతో తెలుగు చేశారు. కోరాపుట్‌నుంచి ఘాటు దిగితే వచ్చే సాలూరే పురిపండా జన్మస్థలం. మహంతికి 'మాటి మటాళ' నవలకు 1973 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం లభించింది.

గోపీనాథ మహంతి ఈ కొండలకు కొత్తగా వచ్చిన అధికారి. సముద్రతీరపు మైదానంలో పెరిగినవారు. కొండవాళ్ళ భాష ఆయనకు రాదు. అధికారి వచ్చాడంటే పల్లెవాళ్ళు భయపడి మాట్లాడకపోవడం ఆనాటి అలవాటు. అటువంటి మనిషి వారి ఇంటి కథను ఎలా రాయగలిగారు? ఆయన మొదట వారి మాట నేర్చుకున్నారు. ఇక్కడి భిన్న జాతులవారు ఒకరితో ఒకరు మాట్లాడుకునే దేశియా, కోంధుల కువి, గదబల భాష – వీటిని శ్రద్ధగా విన్నారు. కువి, గదబ భాషలపై పుస్తకాలు రాయగలిగినంత పరిశ్రమ చేశారు. పండుగల్లో, పంటకోతల్లో, చావుల్లో వారు పాడుకునే పాటలు విన్నారు. ఏ చెట్టును ఏ పేరుతో పిలుస్తారో, ఏ నెలలో ఏ పండుగ వస్తుందో, పోడు ఎప్పుడు నరుకుతారో, ఎప్పుడు కాలుస్తారో తెలుసుకున్నారు. రాయడానికి ముందు వినడం అనేది రెండవ పాఠం.

ఒక ప్రాంతాన్ని గురించి తెలిసినదంతా రాస్తే అది నవల అవుతుందా? కాదు. పండుగలను, ఆచారాలను వరుసగా వర్ణిస్తే అది సమాచార గ్రంథం అవుతుంది. నవల కావాలంటే అందులో ఒక మనిషి ఉండాలి. ఆ మనిషికి ఒక కోరిక ఉండాలి. ఆ కోరికకు అడ్డంకి రావాలి. 'పరజా' నవలలో సుక్రు జాని అనే పరజ రైతు ఉన్నాడు. అతనికి మాండియా, టిక్రా అని ఇద్దరు కొడుకులు. జిలి, బిలి అని ఇద్దరు కూతుళ్ళు. ఇంకొంత నేల సాగులోకి తెచ్చుకోవాలి, కొడుకులకు పెళ్ళిళ్ళు చేయాలి, ఇల్లు మనుమలతో నిండాలి అన్నదే అతని కోరిక. ఇంతకంటె న్యాయమైన కోరిక ఏ తండ్రికీ ఉండదు.

ఆ కోరిక ఎలా నాశనమైందో నవల మెట్టుమెట్టుగా చూపుతుంది. ఫారెస్టు గార్డుకు సుక్రు జాని కూతురిపై కన్ను పడుతుంది. తండ్రి అందుకు ఒప్పుకోడు. కక్షగట్టిన గార్డు అడవిలో చెట్లు నరికాడని అతనిపై నేరం మోపుతాడు. జరిమానా పడుతుంది. జరిమానా కట్టడానికి షావుకారు దగ్గర అప్పు చేయవలసి వస్తుంది. అప్పుకు బదులుగా సుక్రు జాని, చిన్న కొడుకు టిక్రా గోతులవుతారు. అప్పిచ్చినవాని ఇంట్లో కట్టుబానిసగా పనిచేయడాన్నే ఈ కొండల్లో గోతి అంటారు. విశాఖ ఏజెన్సీలో కూడా అదే పేరు ఉండేది. తరువాత పెద్ద కొడుకు కూడా జరిమానా పాలై గోతి అవుతాడు. ఇంట్లో మగదిక్కు లేని ఆడపిల్లలు కూలికి పోతారు. స్వేచ్ఛ కోసం భూమిని తాకట్టు పెడతారు. ఆ భూమి తిరిగి రాదు. కోర్టుకు వెళ్ళినా న్యాయం జరగదు. చివరకు తండ్రీకొడుకులు షావుకారునే ప్రాధేయపడతారు. అతడు అవమానిస్తాడు. మాండియా గొడ్డలి ఎత్తుతాడు. ఆ తరువాత ముగ్గురూ తామే పోలీసుస్టేషనుకు నడిచివెళ్ళి చేసినది చెబుతారు.

ఈ క్రమంలో ఏ సంఘటనా దానికదే ఊడిపడలేదు. జరిమానా లేకపోతే అప్పు లేదు. అప్పు లేకపోతే గోతి లేదు. గోతి లేకపోతే తాకట్టు లేదు. కొత్త రచయితలు తరచు 'ఆ తరువాత ఏం జరిగింది?' అన్న ప్రశ్న ఒక్కటే వేసుకుంటారు. అనుభవం కలిగిన రచయిత 'దానివల్ల ఏం జరిగింది?' అని కూడా వేసుకుంటాడు. సంఘటనలను కార్యకారణ సంబంధంతో కూర్చడాన్నే ఇతివృత్త నిర్మాణం అంటారు. ఇది మూడవ పాఠం. గొడ్డలి దెబ్బను మొదటి పుటలోనే చూపితే అది వార్త మాత్రమే. అంతటి ఓర్పుగల మనుషుల చేతికి గొడ్డలి ఎలా వచ్చిందో చూపడానికి ఒక నవల కావలసి వచ్చింది.

నాలుగవ పాఠం పాత్రలకు సంబంధించినది. పాత్ర అంటే పేరు, వయస్సు, రూపం మాత్రమే కాదు. ఒక మనిషి కష్టం వచ్చినప్పుడు ఏ దారి ఎంచుకుంటాడో, ఆ ఎంపికలో అతని స్వభావం బయటపడుతుంది. 'అమృతర సంతాన'లో ఊరిపెద్ద సరబు సావొంత మరణంతో కథ మొదలవుతుంది. అతని కొడుకు దివుడు పెద్దరికం స్వీకరిస్తాడు. కాని భార్య పుయును నిర్లక్ష్యం చేసి, మరొక స్త్రీవైపు మొగ్గుతాడు. పుయు చివరకు పసిబిడ్డను ఎత్తుకొని ఆ ఇల్లు విడిచివెళుతుంది. ఆమె ఆత్మగౌరవం గలదని రచయిత ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. ఆమె ఇల్లు దాటిన అడుగే ఆ మాట చెబుతుంది. 'కొండవాళ్ళు అమాయకులు' అని ఒక్క మాటలో తేల్చడం రచయితకు సులభం. కాని మహంతి నవలల్లో కొండవాళ్ళందరూ ఒకే అచ్చులో పోసినట్టు ఉండరు. వారిలో మంచివారూ, అసూయపరులూ, పిరికివారూ, ధీరులూ ఉన్నారు. దివుడు మంచివాడే, తప్పు చేసినవాడూ అతడే. ఒక జాతిని మొత్తంగా జాలిపడదగినదిగా చూపడం కూడా దాన్ని చిన్నచూపు చూడడమే అవుతుంది.

చెప్పడం వేరు, చూపడం వేరు అన్నది ఐదవ పాఠం. దీన్ని ఒక చిన్న ఉదాహరణతో తెలుసుకోవచ్చు. ఒనకడిల్లిలో గురువారం సంత జరుగుతుంది. అక్కడ ఒక ముసలివాడు మోసపోయాడని ఊహించుకోవాలి. కొత్త రచయిత దాన్ని ఇలా రాయవచ్చు:

"ముసలివాడు చాలా పేదవాడు. వట్టి అమాయకుడు. షావుకారు అతణ్ణి దారుణంగా మోసం చేశాడు. ఆ దృశ్యం చూసినవారి గుండె తరుక్కుపోయింది."

ఇందులో తప్పు లేదు. కాని చదివినవారికి ముసలివాడూ కనిపించడు, షావుకారూ కనిపించడు. దాన్నే మరొక విధంగా రాయవచ్చు:

"ముసలివాడు చోళ్ళ బుట్టను దించి తలగుడ్డతో మెడ తుడుచుకున్నాడు. తెల్లవారుజామున కోడలు కొలిచి పోసింది. నాలుగు కుంచాలు. షావుకారు తన కుంచంతో కొలిచాడు. మూడు అయ్యేసరికి బుట్ట అడుగు కనిపించింది. ముసలివాడు బుట్టను తిరగేసి తట్టాడు. రెండు గింజలు రాలాయి. 'ఇంటికాడ నాలుగు కుంచాలున్నాయి బాబూ' అన్నాడు. 'దార్లో ఒలికిపోయుంటాయి' అన్నాడు షావుకారు, తరువాతి మనిషిని పిలుస్తూ. ముసలివాడు తాను నడిచివచ్చిన దారివైపు తిరిగి చూశాడు."

రెండవ రచనలో 'పేద', 'అమాయకుడు', 'మోసం' అనే మాటలు లేవు. అయినా షావుకారు కుంచం దొంగ కుంచమని పాఠకుడు తనంతట తానే కనుక్కుంటాడు. ముసలివాడు దారివైపు చూడడంలో అతని మంచితనం ఉంది. గింజలు నిజంగానే ఒలికాయేమోనని అతడు అనుకుంటున్నాడు. తాను కనుక్కున్నదాన్ని పాఠకుడు త్వరగా మరచిపోడు. అయితే ప్రతి చిన్న విషయాన్నీ ఇలా విస్తరించి చూపనక్కరలేదు. ముసలివాడు సంతకు నడిచిన నాలుగు మైళ్ళను ఒక్క వాక్యంలో దాటవచ్చు. ఎక్కడ నిలవాలో, ఎక్కడ నడిచిపోవాలో తెలియడమే కథనంలోని నేర్పు.

ఆ ఉదాహరణలో ముసలివాని మాట అతని నోటికి తగినట్టుగా ఉంది. అతడు 'మా గృహమునందు నాలుగు కుంచములుండెను' అంటే ఎవరూ నమ్మరు. సంభాషణ పాత్ర స్వభావానికీ, ప్రాంతానికీ, వృత్తికీ తగినట్టుగా ఉండాలి. ఇది ఆరవ పాఠం. ఈ విషయంలో తెలుగులో మంచి ఉదాహరణ రాచకొండ విశ్వనాథశాస్త్రి. ఆయన విశాఖపట్నంలో న్యాయవాదిగా పనిచేశారు. కోర్టుల చుట్టూ తిరిగే బీదవారి మాటతీరును, యాసను జాగ్రత్తగా విని 'ఆరు సారా కథలు' మొదలైన రచనల్లో ప్రవేశపెట్టారు. ఉత్తరాంధ్ర జనుల మాటకు సాహిత్యంలో గౌరవస్థానం లభించడానికి ఆయన రచనలు తోడ్పడ్డాయి. కోరాపుట్, రాయగడ జిల్లాల్లోని తెలుగువారి మాటల్లో ఒడియా పదాలు కలుస్తాయి. బడిలో పరీక్ష రాసేటప్పుడు ప్రామాణిక భాష అవసరం. కాని నవలలో ఒక పాత్ర తన ఇంటి మాటనే మాట్లాడాలి. ఆ మాటను సిగ్గుపడి దిద్దితే పాత్ర ప్రాణం పోతుంది.

కథను ఎవరు చెబుతున్నారన్నది కూడా రచయిత ముందుగా నిర్ణయించుకోవాలి. 'నేను' అంటూ పాత్రే తన కథ చెప్పుకుంటే అది ఉత్తమ పురుష కథనం. 'అతడు', 'ఆమె' అంటూ రచయిత చెబితే అది ప్రథమ పురుష కథనం. గోల్డ్‌స్మిత్ నవలలో మతాచార్యుడు తన కథ తానే చెబుతాడు. వీరేశలింగం ఆ పద్ధతి విడిచి, రాజశేఖరుని కథను ప్రథమ పురుషలో చెప్పారు. ఉత్తమ పురుషలో ఆత్మీయత ఎక్కువ. కాని చెప్పే మనిషికి తెలియని విషయం కథలోకి రాకూడదు. ప్రథమ పురుషలో అనేకమంది మనస్సులను చూపవచ్చు. కాని అందరి మనస్సుల్లోకీ ఒకేసారి దూరితే పాఠకుడు తికమక పడతాడు. కొత్తవారు ఒక ఘట్టాన్ని రెండు విధాలుగానూ రాసి చూసుకుంటే ఏది తగినదో తెలుస్తుంది.

ఇక మిగిలినవి చదవడం, దిద్దడం. గోపీనాథ మహంతి ప్రపంచ సాహిత్యాన్ని బాగా చదివినవారు. టాల్‌స్టాయ్ రాసిన 'యుద్ధము–శాంతి' మహానవలను ఒడియాలోకి అనువదించారు. ఒక పుస్తకాన్ని అనువదించేవాడు ప్రతి వాక్యం దగ్గరా ఆగి, రచయిత ఇలా ఎందుకు రాశాడని ఆలోచించవలసి ఉంటుంది. అంతకంటె శ్రద్ధగా చదవడం సాధ్యం కాదు. ఆ టాల్‌స్టాయ్ తన నవలను ఒక్కసారిగా రాయలేదు. రాసినదాన్ని కొట్టివేస్తూ, మారుస్తూ పోయేవాడు. ఆయన భార్య సోఫియా ఆ గజిబిజి రాతప్రతులను మళ్ళీ మళ్ళీ సాపు రాసి ఇచ్చేది. అంతటివాడే అన్నిసార్లు దిద్దుకున్నాడంటే మొదటి రాత బాగా రాలేదని కొత్తవారు కుంగిపోవలసిన పని లేదు. మొదటి రాత రచయిత తనకు తాను కథ చెప్పుకోవడం. దిద్దిన రాత ఇతరులకు చెప్పడం.

ఇంత శ్రమ ఎందుకన్న ప్రశ్నకు కూడా కోరాపుట్ అనుభవమే సమాధానం చెబుతుంది. మహంతి ఆదివాసుల పక్షం వహిస్తున్నారని 1953లో ఇక్కడి వడ్డీవ్యాపారులు, భూస్వాములు ప్రధానమంత్రి నెహ్రూకు ఫిర్యాదు చేశారు. కొండ రైతుల కష్టాలను అధికారిగా కళ్ళారా చూసిన మనిషి రచయితగా వాటిని పుటలకెక్కించారు. వెట్టి చాకిరీని దేశమంతటా నిషేధిస్తూ పార్లమెంటు 1976లో చట్టం చేసింది. చట్టాలు నవలల వల్ల మాత్రమే రావు. కాని గోతి అనే మాట కాగితంపై ఉన్నంతవరకు అది ఒక పద్ధతి పేరు. సుక్రు జాని కథ చదివినవారికి అది ఒక తండ్రి పేరు. తెలియని మనిషి బాధను తెలిసిన మనిషి బాధగా మార్చడం నవల చేయగల పని.

అందుకే ఇతరుల జీవితాన్ని రాసేవారికి బాధ్యత ఎక్కువ. తెలియనిదాన్ని తెలిసినట్టు రాయరాదు. ఎవరి కథ రాస్తున్నారో వారు చదివినా తలదించుకోకూడదు, నవ్వుకోకూడదు. మహంతి బయటినుంచి వచ్చి, నేర్చుకొని రాశారు. ఇక్కడే పుట్టి పెరిగినవారికి ఆ మాటలు, ఆ దారులు, ఆ సంతలు ముందే తెలుసు. వారు నేర్చుకోవలసినది రోజూ చూసేదాన్ని మళ్ళీ కొత్తగా చూడడం. విన్న ఒక మంచి మాటను, చూసిన ఒక చిన్న సంఘటనను ఆ రోజే నోటుపుస్తకంలో రాసిపెట్టుకునే అలవాటు అందుకు ఉపకరిస్తుంది. వారం వారం సంత జరుగుతూనే ఉంటుంది. కుంచం అడుగువైపు ఎవరు చూస్తారో వారి దగ్గర ఒక కథ మొదలవుతుంది.

అర్థాలు

ప్రక్రియ = సాహిత్య రూపం (పద్యం, కథ, నాటకం మొదలైనవి)
ఛాయ = పోలిక, నీడ
ఘట్టం = కథలోని ఒక భాగం
ఇతివృత్తం = కథావస్తువు
కార్యకారణ సంబంధం = ఒక పనికీ, దానికి హేతువైనదానికీ ఉన్న సంబంధం
పోడు = కొండమీద చెట్లు నరికి, కాల్చి చేసే వ్యవసాయం
చోళ్ళు = రాగులు
కుంచం = ధాన్యం కొలిచే పాత్ర
సాపు రాయడం = దిద్దిన రాతను శుభ్రంగా తిరిగి రాయడం

ప్రశ్నలు

అ. కింది ప్రశ్నలకు రెండు మూడు వాక్యాల్లో జవాబులు రాయండి.

1. కథానికకూ నవలకూ గల భేదం ఏమిటి?
2. వీరేశలింగం పరాయి నవలనుంచి ఏమి తీసుకున్నారు? తన ఊరినుంచి ఏమి తీసుకున్నారు?
3. గోతి అంటే ఏమిటి?
4. 'అమృతర సంతాన'ను తెలుగులోకి ఎవరు అనువదించారు?

ఆ. కింది ప్రశ్నలకు పది వాక్యాల్లో జవాబులు రాయండి.

1. 'పరజా' నవలలోని సంఘటనలు ఒకదానివల్ల మరొకటి ఎలా జరిగాయో వివరించండి.
2. సంతలోని ముసలివాని ఉదాహరణలో రెండవ రచన మొదటిదానికంటె మనస్సుకు ఎందుకు హత్తుకుంటుంది?
3. "ఒక జాతిని మొత్తంగా జాలిపడదగినదిగా చూపడం కూడా దాన్ని చిన్నచూపు చూడడమే." ఈ వాక్యాన్ని సమర్థిస్తూ రాయండి.

భాషాంశాలు

1. కింది పదాలను విడదీసి, సంధి పేరు రాయండి.
విద్యుదుత్పత్తి, ప్రత్యేక, జ్ఞానాభివృద్ధి, ఏదైనా

2. కింది వాక్యాన్ని పరోక్ష కథనంలోకి మార్చండి.
"నేను నాలుగు కుంచాలు తెచ్చాను" అని ముసలివాడు అన్నాడు.

3. కింది పదాలను సొంత వాక్యాల్లో ప్రయోగించండి.
గుండె తరుక్కుపోవు, చిన్నచూపు, కళ్ళారా, మెట్టుమెట్టుగా

రచనాభ్యాసం

1. సంతలోని సంఘటనను ముసలివాడే చెబుతున్నట్టు ఉత్తమ పురుషలో తిరిగి రాయండి. షావుకారు చెబుతున్నట్టు మరొకసారి రాయండి. రెండింటినీ తరగతిలో చదివి పోల్చండి.
2. మీ ఇంట్లో పెద్దవారు ఈ ప్రాంతానికి ఎలా వచ్చారో, లేదా ఇక్కడ పూర్వం ఎలా బతికారో అడిగి తెలుసుకోండి. వారి మాటల్లోనే ఒక పుట రాయండి.